బిలానికి రెండో తొవ్వ: పిల్లల సాహస కథల్లో పాతాళం, ఉచ్చు, పనివాడు

ప్రస్తావన

అసలు విషయంలోకి పోయే ముందు ఒక సొంత సంగతి చెప్పుకోవాలి. మాది పాల్వంచ. నాకు పదకొండేళ్లప్పుడు ఎండాకాలం సెలవుల్లో మేం ముగ్గురం దోస్తులం కలిసి ఒక గొయ్యి తవ్వాం. మా ఇంట్లో పాత చందమామలు కలిపి కుట్టిన బైండు ఒకటి ఉండేది. అట్ట చిరిగిపోయినా లోపల మాంత్రికులు, రాక్షసులు, సొరంగాలు అన్నీ భద్రంగానే ఉండేవి. అవి చదివి చదివి మాకూ ఒక మాంత్రికుణ్ణి పట్టాలని బుద్ధి పుట్టింది. ఊరి బయట అడవి వైపు పోయే కాలిబాట మీద నడుం లోతు గొయ్యి తవ్వి, పైన పుల్లలు పేర్చి, ఆకులు పరిచి, మన్ను చల్లాం. చూసినవాడెవడూ కనిపెట్టలేడు. మా పనితనానికి మేమే మురిసిపోయాం.

మూడో రోజు తెల్లారుజామున అందులో పడింది మాంత్రికుడు కాదు. తునికాకు కోతకు పోతున్న ఒక అవ్వ. కాలు మడత పడి చీలమండ వాచిపోయింది. తునికాకు పని అంటే మీలో చాలామందికి తెలుసు. ఏడాదికి ఆ కొద్ది వారాలే. ఆ వారాలు పోతే ఆ డబ్బు పోయినట్టే.

మా తాత సింగరేణిలో బాయి పని చేసి రిటైరైనవాడు. నన్ను కొట్టలేదు. గొయ్యి దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టి, "ఇందుల పడ్డోడు ఎట్ల బయటికి రావాల్రా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "ఒక్క తొవ్వ ఉంటే అది బోను. రెండు తొవ్వలుంటేనే బాయి. తవ్వుడు వచ్చినోడివి, గంత మాత్రం తెల్వదా?" అన్నాడు. అవ్వ కాలు బాగయ్యేదాకా రోజూ ఆమె వంతు ఆకు నేను కోసి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లంలో అప్పజెప్పాను.

ఇన్నేళ్ల తరువాత యూనివర్సిటీలో సాహిత్య విద్యార్థిగా బాలల సాహస కథలను చదువుతుంటే తాత మాట మళ్లీ మళ్లీ గుర్తుకొచ్చింది. నేల లోపల ఉచ్చులు పన్నే కుర్రవాడు కథానాయకుడైతే ఆ కథ ఎలా ఉండాలి? మన పాత కథల్లో అలాంటివాడికి పూర్వీకులు ఎవరు? ఆ కథకు మన పాల్వంచ, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతం ఏమివ్వగలదు? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పిల్లలకు పాతాళం మీద అంత మోజెందుకు?

తెలుగు పిల్లవాడి ఊహలో ఆకాశం కంటే పాతాళమే దగ్గర. ప్రతి కోట కింద ఒక సొరంగం ఉందని, అది ఫలానా ఊళ్లో తేలుతుందని చెప్పే ముసలివాళ్లు లేని ఊరు మన జిల్లాలో ఉండదేమో. గోలకొండ నుంచి చార్మినారు దాకా సొరంగం ఉందన్న కథ మనమంతా విన్నదే. ఆ సొరంగాన్ని ఎవరూ నడిచి చూడకపోయినా కథకు వచ్చిన లోటేమీ లేదు.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి చందమామను ప్రారంభించారు. 1952లో ఆ పత్రికలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి వరసగా జానపద సీరియళ్లు రాశారు. వాటి పేర్లే చూడండి: కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం. పేరులోనే ఒక దారి, ఒక తలుపు, ఒక ప్రమాదం ఉంటాయి. 'చిత్ర' వేసిన బొమ్మల్లో ఆ గుహల చీకటి మనకు కళ్ల ముందు కనబడేది. చందమామ ఇప్పుడు రావడం లేదు గాని ఆ చీకటి మాత్రం మూడు తరాల పాఠకుల తలల్లో ఉండిపోయింది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' సినిమా కథానాయకుడు తోటరాముడు రాజకుమారుడు కాదు, తోటమాలి కొడుకు. పాతాళంలోకి దిగేవాడు పనివాళ్ల ఇంటి పిల్లవాడు కావడం మన ప్రేక్షకులకు ఎంత నచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇది మనకొక్కరికే ఉన్న మోజు కూడా కాదు. లూయీ కరోల్ 1864లో తన చిన్న స్నేహితురాలికి చేతితో రాసి ఇచ్చిన కథ పేరు 'నేల కింద ఆలిస్ సాహసాలు'. మరుసటి ఏడు అచ్చులోకి వచ్చేసరికి అది 'వింతలోకం' అయింది. కుందేలు బొరియలో పడడంతోనే ఆ కథ మొదలు.

కారణం ఊహించడం కష్టం కాదు. పదేళ్ల పిల్లవాడికి పైలోకం అంతా పెద్దవాళ్లది. బడి, ఇల్లు, అంగడి అన్నిటికీ పెద్దవాళ్లే కాపలా. మంచం కింద, మెట్ల కింద, వాగు గట్టు కింద ఉన్న చోటు మాత్రం వాడిది. పెద్దవాడు దూరలేని చోట పిల్లవాడు దూరగలడు. సాహస కథకు అసలైన పునాది ఇదే. ఎనిమిదేళ్లకూ పన్నెండేళ్లకూ మధ్య వయసు పాఠకులకు రాసే నవలలో మూడు లక్షణాలు తప్పనిసరి అనిపిస్తుంది. ఒకటి, ప్రమాదం నిజంగా ఉండాలి. రెండు, దాన్ని దాటే ఉపాయం పిల్లవాడికే తట్టాలి, పెద్దవాళ్లొచ్చి తప్పించకూడదు. మూడు, చివరికి ఇల్లు చేరాలి. అంటే లోపలికి పోయిన దారి ఎంత ముఖ్యమో బయటికి వచ్చే దారీ అంతే ముఖ్యం.

ఒక్క దారి కథలు

ఈ దృష్టితో మన పురాణ కథలను తిరిగి చదివితే ఒక వింత కనిపిస్తుంది. బిలాలు, వ్యూహాలు వచ్చినచోటల్లా కథ నడిచేది దారుల లెక్క మీదనే.

వాలి, మాయావి కథ తీసుకోండి. మాయావిని తరుముతూ వాలి బిలంలోకి పోయాడు. సుగ్రీవుడు బయట ఏడాది పాటు కాచుకున్నాడు. లోపలి నుంచి నురగతో కూడిన నెత్తురు రావడం చూసి అన్న చచ్చిపోయాడనుకుని బండ అడ్డం పెట్టి పోయాడు. ఆ బిలానికి ఒక్కటే దారి. అన్నదమ్ముల వైరానికి, ఒకరి చావుకి, ఒక రాజ్యం తారుమారు కావడానికి ఆ ఒక్క బండ చాలింది.

అభిమన్యుడి సంగతి అందరికీ తెలిసిందే. పద్మవ్యూహంలోకి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదు. వెనకనే వస్తామన్న పెద్దవాళ్లను సైంధవుడు అడ్డగించాడు. ఇక్కడ పాఠకులు గమనించవలసింది ఏమిటంటే, సగం విద్య నేర్పి పిల్లవాణ్ణి ముందుకు తోసింది పెద్దవాళ్లే. సాహసం అంటే ముందుకు దూకడం ఒక్కటే అని పిల్లలకు చెప్పే కథల వెనక ఈ పద్మవ్యూహం ఎప్పుడూ ఉంటుంది.

మూడోది కిష్కింధకాండలోని ఋక్షబిలం. సీతను వెతుకుతూ దప్పికతో అలసిపోయిన వానరులు ఒక బిలం నుంచి తడి రెక్కలతో పక్షులు బయటికి రావడం చూశారు. రెక్కలు తడిసి ఉన్నాయంటే లోపల నీళ్లున్నాయని హనుమంతుడు ఊహించాడు. ఏ బాలల నవలకైనా ఇంతకంటే చక్కని ఆనవాలు దొరకదు. లోపల నీళ్లూ ఉన్నాయి, పండ్లూ ఉన్నాయి, బంగారు చెట్లూ ఉన్నాయి. బయటికి పోయే దారి మాత్రం లేదు. లోపలికి వచ్చినవాడు ప్రాణాలతో బయటపడడం కష్టమని స్వయంప్రభ చెప్పి, కళ్లు మూసుకొమ్మని, తన మహిమతో వాళ్లను బయట వదిలింది. ఆ బిలాన్ని కట్టినవాడు మయుడు. పాండవులకు సభ కట్టిన మయుడు కూడా అతడే. నేల అనుకుని నీళ్లలో పడ్డ దుర్యోధనుడి అవమానం ఎంత దూరం పోయిందో మనకు తెలుసు. అయితే ఆ నేలను అలా చేసిన పనివాణ్ణి ఏ కవీ నిలదీయలేదు. పని చేశాడు, పోయాడు, అంతే.

రెండో దారి తవ్వినవాడు

ఇక మన కుర్రవాడికి అసలైన పూర్వీకుడు ఆదిపర్వంలో ఉన్నాడు.

వారణావతంలో లక్క ఇల్లు. కట్టించినవాడు పురోచనుడు. లక్క, నెయ్యి లాంటి మండే సరుకులతో కట్టిన ఇల్లు అది, చూడడానికి మాత్రం రాజభవనం. పురోచనుడు వాకిట్లోనే ఉంటాడు. ఒక్కటే దారి, దాని దగ్గర కాపలా. ఉచ్చుకు ఉండవలసిన లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. పాండవులు బయలుదేరేటప్పుడే విదురుడు ధర్మరాజుకు మర్మంగా ఒక మాట చెప్పాడు: కార్చిచ్చు అడవిని కాల్చగలదు గాని బొరియలో ఉన్న జీవిని కాల్చలేదని. తరువాత తనకు నమ్మకమైన ఒక ఖనకుణ్ణి, అంటే తవ్వేవాణ్ణి, పంపాడు.

ఆ ఖనకుడి పనితనం చూడండి. ఇంటి నడుమ సొరంగం నోరు పెట్టాడు. నేలతో సమానంగా తలుపు బిగించి ఎవరికీ కనపడకుండా చేశాడు. వాకిట్లో శత్రువు ఉండగానే లోపల ఇంత తవ్వాడు. పాండవులు పగలు వేట పేరుతో తిరిగి అడవి దారులు నేర్చుకున్నారు. సొరంగం ఎక్కడ తేలుతుందో తెలిస్తే చాలదు, తేలినచోటి నుంచి ఎటు పోవాలో కూడా తెలియాలి గదా. ఇల్లు కాలిన తరువాత జనం బూడిద తోడుతుంటే అదే ఖనకుడు వాళ్లలో కలిసిపోయి సొరంగం నోరు మన్నుతో పూడ్చేశాడు. భారత కథ అంతా ఆ మనిషి తవ్విన దారి గుండా నడిచి బయటపడింది. అయినా అతడి పేరు మనకు తెలియదు. చేసిన పనే అతడి పేరు.

ఇంతవరకు చెప్పుకుని ఆగిపోతే ఇది మంచి సాహస కథే. కాని ఆ రాత్రి ఆ ఇంట్లో ఇంకొందరున్నారు. కుంతి పెట్టిన సంతర్పణకు ఒక నిషాద స్త్రీ తన ఐదుగురు కొడుకులతో వచ్చింది. తిన్నారు, తాగారు, మత్తుగా అక్కడే పడి నిద్రపోయారు. భీముడు నిప్పు పెట్టాడు. పాండవులు ఐదుగురూ తల్లీ సొరంగంలో దిగి పోయారు. పొద్దున ఆరు శవాలు దొరికాయి. లెక్క సరిపోయింది. పాండవులు చచ్చారని లోకం నమ్మింది.

నిషాదులు అడవి మనుషులు. అడవి అంచున పుట్టి పెరిగిన మనం ఈ ఘట్టాన్ని చదివి ఊరికే పేజీ తిప్పలేం. రెండో దారి తవ్వి ఉంది. అయితే ఆ దారి ఉందని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. ఉచ్చు పన్నినవాడు దుర్మార్గుడు, నిజమే. ఉచ్చును తప్పించుకున్నవాళ్లు తమ వెనక తలుపు మూసినప్పుడు లోపల ఎవరు మిగిలారన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. ఇలా మిగిలిన ప్రశ్నలను మళ్లీ చేతికి తీసుకోవడమే కొత్త కథ చేయవలసిన పని అని నా అభిప్రాయం.

హిరణ్యకుడి ఇల్లు

దీనికి సమాధానం లాంటి కథ ఒకటి మనం చిన్నప్పుడే చదివాం. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలోని మిత్రలాభంలో వేటగాడి వలలో పావురాలు పడ్డాయి. వాటి రాజు చిత్రగ్రీవుడు అందరినీ ఒక్కసారి ఎగరమన్నాడు. వల ఎత్తుకుని ఎగిరి హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి పోయాయి. ఆ హిరణ్యకుడు ఎప్పుడు ఏ అపాయం వస్తుందోనని నూరు ద్వారాల కన్నం తవ్వుకుని ఉండేవాడు. అంటే మన సాహిత్యంలో నేల కింది ఇంజనీర్లలో మొదటి వరసలో నిలబడవలసినవాడు ఈ చిన్న ఎలుక.

హిరణ్యకుడు స్నేహితుడి కట్లు ముందు కొరకబోతే చిత్రగ్రీవుడు వద్దన్నాడు. ముందు నన్ను నమ్మి వచ్చినవాళ్ల కట్లు, తరువాత నావి అన్నాడు. లక్క ఇంటి కథలో లేనిది ఇక్కడ ఉంది. బయటపడే దారి అందరికీ ఉండాలి. దారి తెలిసినవాడు చివరన బయటికి రావాలి. పిల్లలకు నీతి చెప్పకుండానే నీతి తెలియజెప్పే పద్ధతి ఇదే.

బాయిలో నేర్చుకోదగిన పాఠం

కథల్లోంచి ఇప్పుడు మన కాళ్ల కింది నేలలోకి దిగుదాం. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి అన్న పల్లె పేరు కంపెనీ పేరైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. మన వాళ్లు గని అనరు, బాయి అంటారు. 'బాయి దిగుడు', 'బాయి పని' అన్న మాటల్లోనే నేల కింది లోకం మన ఇళ్లలో తిరుగుతూ ఉంటుంది.

తాత చెప్పిన రెండు తొవ్వల సంగతి ఊసుపోక చెప్పింది కాదు. గనికి కనీసం రెండు వేరు వేరు దారులుండాలన్నది నియమం. ఆ నియమం ఉట్టినే రాలేదు. ఇంగ్లండులోని హార్ట్లీ గనిలో 1862 జనవరి 16న నీళ్లు తోడే యంత్రం తాలూకు పెద్ద ఇనుప దూలం విరిగి, ఉన్న ఒక్క బావిలోకి పడింది. దారి పూడుకుపోయింది. ఆ ప్రమాదంలో 204 మంది, పెద్దలూ పిల్లలూ, చనిపోయారు. ఆ ఏడాదే గనికి రెండు దారులుండాలని అక్కడ చట్టం చేశారు. దూలం విరగకముందు రోజు దాకా అది గని, విరిగిన క్షణం నుంచి అది బోను. తేడా ఒక్క దారి.

రెండు దారులు మనుషులకే కాదు, గాలికీ కావాలి. ఒక దారిన మంచి గాలి లోపలికి వచ్చి, పని చోటులన్నీ తిరిగి, చెడ్డ గాలిని తీసుకుని రెండో దారిన బయటికి పోవాలి. గాలి అడ్డదారిన పోకుండా నడుమ తలుపులు పెడతారు. ఆ తలుపులే పాత ఇంగ్లండు గనుల్లో ఒక ఘోరానికి కారణమయ్యాయి. బొగ్గు బండి వచ్చినప్పుడు తలుపు తీసి, పోగానే మూయడానికి చిన్న పిల్లలను పెట్టేవాళ్లు. వాళ్లను 'ట్రాపర్లు' అనేవారు. ఐదారేళ్ల పసివాళ్లు చీకట్లో తాడు పట్టుకుని రోజుకు పన్నెండు గంటల దాకా కూర్చునేవాళ్లు. 1842లో విచారణ సంఘం నివేదిక వచ్చాక, పదేళ్లలోపు మగపిల్లలను, స్త్రీలను, ఆడపిల్లలను నేల కింద పని చేయించరాదని అక్కడ చట్టం వచ్చింది. మన దేశంలో 1952 గనుల చట్టానికి 1983లో చేసిన సవరణ పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు గని పనిని నిషేధించింది.

కాబట్టి నేల కింద పని చేసే కుర్రవాణ్ణి కథానాయకుణ్ణి చేసే రచయిత ఒక జాగ్రత్త తీసుకోవాలి. చీకట్లో పిల్లవాడు అన్నది మనకు అద్భుతం. ఒకప్పుడు కొందరు పిల్లలకు అది కూలి. కథలో పిల్లవాడు తన ఇష్టంతో దిగాలి, తన ఇష్టంతో ఎక్కాలి. ఎవరి లాభం కోసమో వాణ్ణి దింపితే ఆ దింపినవాడే కథలో మాంత్రికుడు.

పని తెలిసిన కథ ఎంత బలంగా ఉంటుందో చెప్పడానికి బాయి నుంచి ఇంకొన్ని ముచ్చట్లు. లోపలికి పోయిన కార్మికుడు ముందు పైకప్పును కర్రతో తట్టి వింటాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. వదులైన రాయి డొల్లగా, డప్పు మీద కొట్టినట్టు పలుకుతుంది. కట్టె దిమ్మె భారం ఆపలేనప్పుడు విరిగేముందు చిటపటమని చప్పుడు చేస్తుంది, పారిపొమ్మని చెప్పినట్టు. బొగ్గు తీసేటప్పుడు నడుమ స్తంభాల్లాగ బొగ్గునే వదులుతూ పోతారు. చివరికి ఆ స్తంభాలను కూడా తీయవలసి వస్తే లోపలి కొస నుంచి మొదలుపెట్టి బయటి వైపు వెనక్కి వస్తూ తీస్తారు. ముఖం పని వైపు, వీపు దారి వైపు. ఇక మందు పేల్చే ముందు ఆ చోటుకు వచ్చే దారులన్నింటి దగ్గర మనిషిని నిలబెట్టి, అందరినీ దూరం పంపిన తరువాతనే పేలుస్తారు. ఈ నియమాలను మంత్రాలుగా మార్చి చూడండి. ఎంత మంచి మాయాలోకం తయారవుతుందో! మాయాలోకానికి కూడా నియమాలుండాలి. నియమం లేని మాయ పిల్లవాడికి రెండో అధ్యాయంలోనే విసుగు పుట్టిస్తుంది.

అడవిలో ఉచ్చు

బాయి నుంచి ఇటు అడవికి వస్తే ఉచ్చు, వల, బోను, గొయ్యి అన్న మాటలు మనకు నిఘంటువులో వెతుక్కోవలసినవి కావు. ఉచ్చు పన్నడం ఒక విద్య. జంతువు ఏ దారిన నీళ్లకు పోతుంది, ఏ వేళకు వస్తుంది, గాలి ఎటు వీస్తుంది, వాసన ఎటు పోతుంది, ఇవన్నీ తెలియాలి. అడవిని పుస్తకంలా చదివినవాడికే అది వస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం తరువాత, 1977లో కిన్నెరసాని అభయారణ్యం ఏర్పడిన తరువాత, ఆ వేట చట్టానికి విరుద్ధమైంది. ఆ విద్యలోని పరిశీలన మాత్రం నేరం కాదు. అది మన గిరిజన కుటుంబాల్లో ఇంకా ఉన్న జ్ఞానం. మన బడి పుస్తకాల్లో దానికి చోటు దొరకలేదు.

ఈ రోజుల్లో కొత్త రకం ఉచ్చు వచ్చింది. అడవిపందుల కోసం నేలకు జానెడు ఎత్తున కరెంటు తీగ లాగుతారు. దానికి అడవి చదవనక్కరలేదు, ఓపిక అక్కరలేదు. అది పందిని, పులిని, పొద్దున్నే పొలానికి పోయే రైతును ఒక్కలాగే చూస్తుంది. తెలంగాణలో పులులు, మనుషులు కూడా ఇలాంటి తీగలకు బలైన సంగతులు పత్రికల్లో చదివాం. సరిహద్దు అడవుల్లో మందుపాతరల సంగతీ అంతే. పాతినవాడు మరిచిపోయినా పాతర మరిచిపోదు. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న వాదం ఎలాగున్నా, దాని మీద అడుగు వేసే మేకల కాపరి పిల్లవాడికి ఆ వాదంతో పని లేదు.

నేను తవ్విన గొయ్యి కూడా ఈ జాతిదే. దానికీ మాంత్రికుడికీ అవ్వకూ తేడా తెలియదు. ఉచ్చుకు కళ్లుండవు గనుక పన్నినవాడి కళ్లు దాని మీద ఉండాలి.

దగ్గరి నమూనా ఒకటి

ఇలాంటి కథకు నమూనా లేకపోలేదు. జార్జి మాక్డొనాల్డ్ అనే స్కాట్లండ్ రచయిత 1872లో పుస్తకంగా తెచ్చిన 'రాకుమారి, గాబ్లిన్లు' నవలలో కర్డీ అనే కుర్రవాడు గని కార్మికుడి కొడుకు. పన్నెండేళ్లుంటాయి. తండ్రితో పాటు గనిలో పని చేస్తూ, కొండ లోపల ఉండే గాబ్లిన్లనే వికార జాతి మాటలు గోడ చాటు నుంచి వింటాడు. వాళ్లు గనిని నీళ్లతో ముంచే కుట్ర పన్నారు. కర్డీ వాళ్ల గుహల్లోకి పోయేటప్పుడు గునపానికి దారం కట్టి, ఉండ విప్పుకుంటూ పోతాడు. తిరిగి రావడానికి అదే ఆధారం. ఒకసారి పట్టుబడితే రాకుమారి ఐరీన్ తన ముత్తాత తల్లి ఇచ్చిన కంటికి కనబడని దారం పట్టుకుని వచ్చి విడిపిస్తుంది. నీళ్లు రాకుండా కార్మికులు ముందే గోడ కట్టి కాపాడుకుంటారు. ఇందులో కార్మికుడి కొడుక్కి పేరుంది, పని తెలుసు, తిరుగుదారి జాగ్రత్త ఉంది. మన ఖనకుడికి దక్కనివి ఇవే.

మన దగ్గర అలాంటి కథ రాయాలంటే సరుకు ఎక్కడికో పోయి తెచ్చుకోనక్కరలేదు. కిన్నెరసాని కొండల కింద ఒక రాజ్యం ఊహించండి. అక్కడ తరతరాలుగా సొరంగాల్లో ఉచ్చులు పన్నే కుటుంబం ఒకటి. ఆ ఇంటి పన్నెండేళ్ల పిల్ల, ఆడపిల్లే అనుకుందాం, తండ్రిని మించిన పనిమంతురాలు. రాయిని తట్టి విని మందం చెప్పగలదు. శత్రువు వస్తున్నాడని రాజు చెబితే, ఎవరూ తప్పించుకోలేని ఉచ్చు ఒకటి కడుతుంది. తెల్లారి పోయి చూస్తే అందులో పడి ఉన్నది దాహానికి నీళ్లు వెతుక్కుంటూ దిగిన ఒక పైలోకపు పిల్లవాడు. పైకప్పు చిటపటమంటోంది. తప్పించుకోలేకుండా కట్టిన దానికి తెల్లారేలోగా తానే ఒక దారి తవ్వాలి. తన పనితనమే తనకు శత్రువు. ఇక్కడి నుంచి కథ దానంతట అదే నడుస్తుంది. పిల్లవాడు బయటపడ్డాక ఆమె ఆ ఉచ్చును ఏం చేస్తుంది, రాజుకు ఏం చెబుతుంది అన్నదే అసలు సాహసం. ఆ పిల్ల పేరు రాసేవాళ్లు పెట్టుకోవచ్చు. పెట్టడం మాత్రం మరవకూడదు.

ఉపసంహారం

ఇంతవరకు చూసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే: మన పాత కథల్లో బిలం ఉంది, ఉచ్చు ఉంది, వాటిని తవ్విన పనివాడూ ఉన్నాడు. కొన్నిచోట్ల రెండో దారి లేదు. రెండో దారి ఉన్నచోట అది అందరికీ లేదు. దాన్ని తవ్వినవాడికి పేరు లేదు. ఈ మూడు లోట్లూ తీర్చడం కొత్తగా రాసే బాలల నవల పని.

మన కళాశాలలో చదువుతున్నవాళ్లలో బాయి కార్మికుల పిల్లలున్నారు, థర్మల్ కార్మికుల పిల్లలున్నారు, కోయగూడేల నుంచి వచ్చినవాళ్లున్నారు. ప్రతి ఇంట్లోనూ నేల కింది సంగతులు, అడవి సంగతులు చెప్పగల ముసలివాళ్లున్నారు. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రాసి పెట్టుకోవలసిన సమయమిది. మా తాత ఇప్పుడు లేడు. ఆయనకు తెలిసినదాంట్లో నేను రాసి పెట్టుకున్నది ఎంతో లేదు. అడగవలసినప్పుడు అడగలేదు.

అవ్వ మాత్రం ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది. నేను ఆ దారిన కనబడితే ఆగి, కర్రతో నేల తట్టి చూసి, "ఏందిరా, ఇయ్యాల ఏమన్న తవ్వినవా?" అనేది. నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి గాని, ఆమె దాటి పోయేదాకా అక్కడే నిలబడేవాణ్ణి.